కళ్ళం పక్క ఇల్లు

ఆ ఏడు మిరప విరగకాసింది. ఇంత కాపు తన ఎరుకలో లేదని మా అత్త రామక్క చేనుగట్టు మీద నిలబడి వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. సారపాక దాటి అడవివైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. చేను ఇంటి వెనక, కళ్ళం ఇంటి ముందు. కోసిన కాయ ఎండబెట్టుకోవడానికి, పందులు తొక్కకుండా కాపలా కాయడానికి వాకిట్లో కళ్ళం ఉండటమే మేలని మా మామ బతికున్న రోజుల్లోనే అక్కడి నేల చదును చేయించాడట. ఆ ఇంటికి నేను చిన్న కోడలిని. పెద్ద కోడలు వనజక్క. మిరప అంత బాగా పండిన ఆ రెండువేల ఏడు ఎండాకాలంలోనే మా ఇల్లు రెండయింది.

అంతకు ముందు వానాకాలం, గోదావరి పొంగి భద్రాచలం వీధుల్లోకి వచ్చిన రోజుల్లో, వనజక్క నాటు వేస్తూ వేస్తూ ఫిట్స్ వచ్చి మడిలో పడిపోయింది. డాక్టరు గోళీలు రాశాడు. ఎంతోమంది వేసుకునే గోళీలే అవి. మూడో వారంలో ఆమెకు జ్వరం వచ్చింది, పెదవులు పుండ్లయ్యాయి, కళ్ళు ఎర్రబడి పుసులు కట్టాయి. మర్నాటికి ఒళ్ళంతా పొక్కులు. ముట్టుకుంటే చర్మం చేతికి ఊడి వచ్చేది. అమ్మవారు పోసిందని అత్త గుమ్మానికి వేపమండలు కట్టి ముత్యాలమ్మకు మొక్కుకుంది. బావ రామకృష్ణ ఆ మాట వినిపించుకోలేదు. జీపు మాట్లాడి వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను తోడు వెళ్ళాను. అక్కడ అరటాకులు పరిచి వాటి మీద పడుకోబెట్టారు, గుడ్డ తగిలితే చర్మం అంటుకుపోతుందని. లక్షల్లో ఒకరికి ఒక మందు ఇలా తిరగబడుతుందని, ఎవరికి తిరగబడుతుందో ముందు చెప్పలేమని, ఆ గోళీ ఈ జన్మలో మళ్ళీ ముట్టకూడదని డాక్టరమ్మ చెప్పింది.

వనజక్క బతికి వచ్చింది. ఊళ్ళో అందరూ వచ్చి చూసి, గండం గడిచిందని వెళ్ళారు. మేమూ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం.

అయిపోలేదని చలికాలంలో తెలిసింది. కొత్త చర్మం వచ్చింది కానీ నలుపూ తెలుపూ మచ్చలుగా వచ్చింది. ఊడిన గోళ్ళు సగం వేళ్ళకు మళ్ళీ మొలవలేదు. చిక్కుడుకాయ ఈనె తీయాలన్నా వేలి కొనలు నొప్పి పుట్టేవి. ఒంటికి చెమట పట్టేది కాదు, కాస్త ఎండలో నిలబడితే ఒళ్ళు కాగిపోయి కళ్ళు తిరిగేవి. నోట్లో ఉమ్మి ఊరేది కాదు. అన్నం మజ్జిగలో పలచగా పిసుక్కుని, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగి మింగేది. మిరప పండించే ఇంట్లో ఆమెకొక్కదానికి చప్పిడి కూర వండేదాన్ని. ఫిట్స్‌కు వేరే గోళీ ఇచ్చారు. దాన్ని రోజూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసేది. మింగాక మెడా చేతులూ తడుముకునేది.

అన్నిటికన్నా కళ్ళతోనే ఎక్కువ కష్టం. కంట్లో నీరు ఊరడం ఆగిపోయింది. రెప్పల వెంట్రుకలు లోపలికి మొలిచి, రెప్ప వేసినప్పుడల్లా గుడ్డును గీరేవి. వెలుతురు చూడలేకపోయేది.

వాళ్ళ పాప చిన్నికి అప్పటికి మూడేళ్ళు. ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లిని చూసి నా చీర చాటుకు వచ్చేసింది. అప్పటినుంచి నా పక్కనే పడుకునేది. వనజక్క కొన్నాళ్ళు పిలిచింది, తరవాత పిలవడం మానేసింది. ఒకసారి మందులకు పోయినప్పుడు బస్సులో ఎవరో పెద్దావిడ ఆమె చేతులు పట్టుకుని, అత్తగారింట్లో నిప్పంటించారా, నువ్వే అంటించుకున్నావా అని అడిగిందట. ఆ మాట అత్త చెవిన పడ్డాక, ఆమెను ఎక్కడికీ పంపడానికి అత్త జంకేది.

మాఘంలో మొదటి కోత మొదలైంది. కాయ కళ్ళం నిండా పరిచాక గాలి ఎటు వీచినా ఘాటు ఇంట్లోకే వచ్చేది. మేం తుమ్మేవాళ్ళం, దగ్గేవాళ్ళం, కళ్ళ వెంట నీళ్ళు కారేవి, ఆ నీళ్ళతోనే మంట కడుక్కుపోయేది. మాకది ఏటా ఉండేదే. వనజక్క కంట్లో కడగడానికి నీరు లేదు. పడిన ఘాటు పడినట్టే ఉండిపోయేది. వెనక గది తలుపు వేసుకుని, కిటికీకి తడిపిన గోనె కట్టుకుని, మొహం మీద తడిగుడ్డ కప్పుకుని పొద్దంతా పడుకునేది. గంటకోసారి కళ్ళల్లో చుక్కలమందు వేయాలి.

అత్త చెడ్డ మనిషి కాదు. కాయంతా బస్తాలకెక్కేదాకా పుట్టింటికి పోయి ఉండమని వనజక్కకు ఆమే చెప్పింది. దమ్మపేట దగ్గర వాళ్ళ ఊరు. అక్కడ మిరప లేదు, చుట్టూ తోటలు. సబబైన మాటే. నా భర్త రాంబాబు కూడా అదే అన్నాడు. కూలీలకు సద్దులు కట్టడం, వంట, చిన్నిని చూసుకోవడం అన్నీ నా మీదే పడి ఉన్నాయి కనుక, పోతే నాకూ కొంచెం ఊపిరాడుతుందనిపించింది. వనజక్క మాత్రం పోనంది. బావ అడిగినా పోనంది.

వారానికోసారి ఆమె రెప్పల వెంట్రుకలు పీకేదాన్ని. సన్నటి పట్టకారుతో ఎలా పీకాలో ఆసుపత్రిలో నర్సు నేర్పింది. వెనక వసారాలో, కళ్ళం కనబడని వైపు కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకునేదాన్ని. రెప్ప తిరగేసి పట్టుకుంటే లోపలంతా పచ్చిపుండులా ఉండేది. పీకుతుంటే ఆమె నా చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకునేది కానీ నోరు తెరిచేది కాదు. ఒకరోజు అలా పీకుతూ నేనే అడిగాను.

“ఎందుకక్కా గింత మొండి? నెల రోజులు పోయొస్తే ఏమైతది?”

“పోతే మళ్ల రమ్మనరు శారదా.”

బావ అలాంటివాడు కాదన్నాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

“కండ్లొక్కటే గాదు. లోపల గూడ గట్లనే పుండ్లు పడి అతుక్కపోయింది. మాకు కాపురం లేదు. మీ బావ ఏమనడు. ఎన్నేండ్లని అనకుండ ఉంటడు? నేను కండ్ల ముంగట తిరిగితేనన్న పెండ్లామని ఒకతి ఉన్నదని యాదికుంటది. ఆడికి పోయి కూసుంటే అత్తకు దారి సాఫైతది.”

నా చెయ్యి ఆగిపోయింది. ఆ నెలలో అత్త చెల్లెలు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. వాళ్ళ ఆడబిడ్డ కూతురొకతె ఇంటర్ తప్పి ఇంట్లో ఉందని, పనిమంతురాలని మా వంటింట్లో కూర్చుని చెప్పుకుపోయింది. టీ పోసి ఇచ్చింది నేనే. అవి ఎవరి కోసం చెబుతున్న మాటలో నాకు అప్పుడు తట్టలేదు. గోడ అవతల పడుకున్న మనిషికి తట్టింది.

మర్నాడు వనజక్క కళ్ళంలోకి వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, పందిరి కింద తాలు ఏరడానికి కూర్చుంది. తెల్లబడిన కాయ, పుచ్చిన కాయ వేరు చేయకపోతే మంచి కాయ కూడా మార్కెట్లో నిలబడదు. గోళ్ళు లేని వేళ్ళ పక్కలతో ఒక్కో కాయా నెట్టి నెట్టి ఏరింది. అందరికన్నా ఆమె కుప్పే చిన్నది. లోపలికి పొమ్మని బావ రెండుసార్లు చెప్పాడు. మరుసటి రోజు ఆమె కూర్చునే చోట నీడ చాలదని అత్త తాటాకు మట్ట ఒకటి అదనంగా వేయించింది. అలా పది పన్నెండు రోజులు గడిచాయి.

ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కోతకు వచ్చిన కోయవాళ్ళు చేను చివర గుడిసెలు వేసుకుని ఉన్నారు. వాళ్ళలో పూలి అనే ఆమెకు తెలుగు నాలుగైదు మాటలే వచ్చు. గంప దింపడానికి వచ్చినప్పుడు వనజక్క చేతులు చూసి వంగి, “అగ్గి?” అని అడిగింది.

“గాదు. గోళీలు,” అంది వనజక్క.

పూలికి అర్థం కాలేదు. కాసేపు నిలబడి, తను నీళ్ళు తాగే సొరకాయ బుర్రను ఆమె పక్కన పెట్టి మళ్ళీ చేలోకి పోయింది.

ఆ రోజుల్లోనే చిన్ని మొదటిసారి తల్లి దగ్గరికి తనంతట తాను వెళ్ళింది. దానికి ఆ నల్లద్దాలు కావాలి. కొంచెం దూరంలో నిలబడి వేలు చూపించింది. వనజక్క అద్దాలు తీసి బిడ్డ మొహానికి పెట్టి, తను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. చిన్ని అవి పెట్టుకుని కళ్ళం చుట్టూ తిరిగింది, కాయలు నల్లగా ఉన్నాయని అందరికీ చెప్పి వచ్చింది. మధ్యలో గాలి లేచి తాలు కుప్ప మీది దుమ్ము పందిట్లోకి కొట్టింది. నేను అద్దాలు లాక్కోబోతే వనజక్క చేత్తో వద్దని ఆపింది. అలసిపోయాక చిన్ని వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుంది.

రెండో కోత సగంలో ఉండగా మళ్ళీ వెంట్రుకలు పీకడానికి కూర్చున్నాం. ఎడమ కన్ను తెరిచి చూస్తే నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ ఉంది. నేను కుడి కన్ను అరచేత్తో మూసి, ఎదురుగా చెయ్యి ఆడించి ఎన్ని వేళ్ళని అడిగాను. ఆమె చెప్పలేకపోయింది. నాలుగు రోజుల నుంచీ మబ్బుగా ఉందంది. నొప్పి కూడా ఉందంది.

“ఎవలకు చెప్పకు. ఈ కోత అయిపోనీ.”

నేను పట్టకారు పక్కన పెట్టి లేచి కళ్ళంలోకి పోయాను. బావ గోనె సంచిలో నిలబడి కాయ తొక్కుతున్నాడు. ఖమ్మం పోయే లారీ రోడ్డు మీద ఆగి ఉంది. నేను చెప్పిందంతా విని సంచిలోంచి దిగాడు. కాళ్ళకూ చేతులకూ నీళ్ళు పోసుకుని, తువ్వాలు విదిలించి మొహం తుడుచుకున్నాడు. లారీ సంగతి తమ్ముణ్ణి చూడమని చెప్పి వనజక్కను సారపాక బస్సుకు తీసుకుపోయాడు.

మూడో రోజు తిరిగి వచ్చారు. ఆమె ఎడమ కంటికి కట్టు ఉంది. మంచం మీద పడుకోబెట్టి బయటికి వచ్చిన బావను, కంటి డాక్టరు ఏమన్నాడని అత్త అడిగింది.

“ఎడమ కన్ను పోయిందమ్మా. పుండు మానినా సూపు రాదంట. కుడిదన్న ఉండాల్నంటే ఘాటు, పొగ, దుమ్ము ఏది తగలొద్దన్నడు.”

“ఎన్నాళ్ళురా?”

“బతికినన్నాళ్ళు.”

అత్త గడప మీద కూర్చుండిపోయింది. సాయంత్రం రాంబాబు చేత వనజక్క తమ్ముడు ముత్యాలుకు ఫోను చేయించింది.

ముత్యాలు కిరాయి జీపు తీసుకుని వచ్చాడు. దమ్మపేట దగ్గర పామాయిల్ మొక్కలు పెంచే నర్సరీలో పని అతనిది. ఈసారి వనజక్క పోనని అనలేదు. తన బట్టలు తానే మడత పెట్టుకుంది. చిన్నికి జడ వేసింది. బిడ్డను ఈ ఎండల్లో ఎందుకు తిప్పడం, ఇక్కడ శారద ఉంది కదా అని అత్త అంటే దానికీ తల ఊపింది. నేను ఆమె సంచిలో మందుల సీసాలు సర్దుతున్నాను. రెండు సీసాలు ఒకేలా ఉంటాయి కనుక ఒకదాని మెడకు దారం కట్టి, తడుముకుంటే తెలిసేలా చేశాను. అప్పుడు బావ చేలోంచి వచ్చాడు. మొహం కడుక్కుని అంగీ తొడుక్కున్నాడు.

“చిన్ని బట్టలు గూడ పెట్టు శారదా. నాయి రెండు అంగీలు, ఒక లుంగీ పెట్టు.”

అత్త దగ్గరికి వచ్చింది.

“దింపి వస్తవా?”

“లేదమ్మా. ఆడనే ఉంట.”

“మరి కాయ?”

“రాంబాబు ఉన్నడు గద.”

ఈ మడికి ఇవాళ నీళ్ళు వద్దు, రేపు కడదాం అన్నంత మామూలుగా అన్నాడు. చిన్నిని ఎత్తుకుని జీపులో ముందు కూర్చున్నాడు. వనజక్క జీపు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాట ఆమెకు కూడా అప్పుడే తెలిసిందని ఆమె మొహం చూస్తే అర్థమైంది. ముత్యాలు చెయ్యి పట్టి ఎక్కించాడు. చేలో కూలీలు కోత ఆపి చూశారు. జీపు పోయాక మళ్ళీ వంగారు.

నడి కోతలో చేను వదిలి, పెళ్ళాం వెంట అత్తగారింటికి పోయాడని ఊళ్ళో నవ్వారు. రాంబాబుకు తల తీసేసినట్టయింది. ఆ కోపం కొన్నాళ్ళు నా మీద చూపించాడు, నువ్వు పోయి చెప్పబట్టే ఇదంతా అని. చెప్పకపోతే ఏమయ్యేదో అతనికీ తెలుసు.

అడవిలో ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేసరికి కోయవాళ్ళు మూటలు కట్టుకుని వాళ్ళ ఊళ్ళకు పోయారు. వేరే కూలీలు దొరకలేదు. మూడో కోత సగం చెట్ల మీదే ఎండి రాలిపోయింది. ఒక మధ్యాహ్నం రాంబాబు ఊళ్ళో లేనప్పుడు ఉన్నట్టుండి గాలివాన వస్తే కళ్ళం మీద పట్టా కప్పడానికి అత్తా నేనూ ఇద్దరమే ఉన్నాం. గాలికి పట్టా కొస ఎగిరి అత్త మొహానికి కొట్టింది. ఆమె దాని మీద కూలబడి, రెండు చేతులా అదిమిపట్టి, వాన వెలిసేదాకా అలాగే తడుస్తూ కూర్చుంది. పెద్దకొడుకు ఉంటే ఆ కొస పట్టేవాడు.

అత్త చెల్లెలు ఆ తరవాత ఒకసారి వచ్చింది. ఆ పిల్లకు వేరే సంబంధం వస్తోందని, మీరు త్వరగా తేల్చుకోవాలని అంది. పెండ్లికొడుకే ఇంట్లో లేడు, ఎవడికి చేస్తవని అత్త అడిగింది. ఆమె టీ తాగకుండానే వెళ్ళిపోయింది. దమ్మపేట నుంచి బావ ఫోను చేసి, తన వంతు భూమి కూడా తమ్ముణ్ణే చేసుకోమన్నాడు. తను ముత్యాలుతో పాటు నర్సరీలో పనికి కుదిరానని చెప్పాడు.

తొలకరి పడ్డాక, చిన్నిని చూసి వద్దామని అత్తే అంది. ఆ ఎండాకాలమంతా కట్టని చీర ఒకటి పెట్టెలోంచి తీసి కట్టుకుంది. బస్సు మారి మారి పోయేసరికి మధ్యాహ్నమైంది.

నర్సరీ అంతా పచ్చటి వల కప్పిన పందిళ్ళు. కింద నల్ల సంచుల్లో వరసగా మొక్కలు. గొట్టాల్లోంచి నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాయి. వనజక్క పీట వేసుకుని సంచుల్లో కలుపు తీస్తోంది. తడి గాలి కళ్ళకు సుఖంగా ఉందంది. కానీ ఆ చల్లదనానికే దగ్గు పట్టుకుందని, కాస్త దూరం నడిస్తే ఆయాసం వస్తోందని, ఊపిరితిత్తులకు కూడా ఆ జబ్బు దెబ్బే అంటున్నారని చెప్పింది. లోపలి ఆపరేషన్‌కు డాక్టరమ్మ చలికాలంలో రమ్మందట. రెప్పల వెంట్రుకలు ఎవరు పీకుతున్నారని అడిగితే, మీ బావేనంది. మొదట్లో చేతులు వణికి రెండుసార్లు గుడ్డుకు పొడిచాడట. ఇప్పుడు నాకన్నా బాగా పీకుతున్నాడట. అది చెప్పేటప్పుడు కొంచెం నవ్వింది.

చిన్ని నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను ఎత్తుకునేలోపే మళ్ళీ వెనక్కి పోయి తల్లి కొంగు పట్టుకుంది. అలా కావాలనే కదా మేమంతా కోరుకున్నది. అయినా ఖాళీగా ఉన్న నా చేతుల్ని ఏం చేయాలో నాకు తెలియలేదు.

బావ టీ తేవడానికి పోయాడు. పందిరి కింద చెక్కబల్ల మీద వనజక్క కూర్చుంది, ఆమె పక్కన అత్త. నేను ఎదురుగా సంచుల దగ్గర కూర్చున్నాను. వాన మళ్ళీ మొదలై వల మీద చప్పుడు చేస్తోంది. అత్త చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి వచ్చిన పని చెప్పింది.

“ఈ ఏడు మిరప పెట్టం. పత్తి పెడదమనుకున్నం. పొగ లేకుంట గ్యాసు పొయ్యి తెప్పిస్త. ఇంటికి రాండ్రి.”

“పత్తికి మందు కొడతరు గదత్తా,” అంది వనజక్క. అందులో కోపం లేదు. “ఆ గాలి ఇంట్లకే వస్తది. అది గూడ తగలొద్దన్నరు.”

మందు కొట్టని పంట ఏది వేయాలా అని అత్త ఆలోచిస్తున్నట్టు కనబడింది. ఏదీ తోచలేదనుకుంటాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఆమె మాట వినబడక వనజక్క మెడ పూర్తిగా అటు తిప్పి చూసింది. తను కూర్చున్నది కోడలి చూపులేని వైపని అత్తకు అప్పటిదాకా తెలియలేదు. లేచి, బల్ల వెనక నుంచి తిరిగి వచ్చి, కుడి పక్కన కూర్చుంది.

“ఇప్పుడు కనబడుతున్ననా?”

“అవ్,” అంది వనజక్క. కొంచెంసేపు అత్త మొహంలోకి చూసి అంది, “చిక్కిపోయినవత్తా.”